గుండె నిండా రక్తమే ఉండగా గుండెకు రక్తం అందకపోవడమేమిటి?

హైదరాబాదులోని మౌలాలి నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఆమెకు 38 ఏళ్ళు, తండ్రికి 66. ఆయన జలమండలిలో లైన్‌మన్‌గా చేరి, మూడు దశాబ్దాలకు పైగా వాల్వులు తిప్పి, పగిలిన పైపులు అతికించి పదవీ విరమణ చేశారు. నాలుగు నెలలుగా కూరగాయల సంచితో రెండో అంతస్తుకు ఎక్కినప్పుడూ, రాత్రి భోజనం చేసి నడిచినప్పుడూ ఆయనకు రొమ్ము మధ్యలో పట్టేసినట్టు ఉంటోంది. ఆగి నిలబడితే మూడు నాలుగు నిమిషాల్లో తగ్గిపోతోంది. గ్యాస్ అనుకొని రెండు నెలలు ఎవరికీ చెప్పలేదు. చివరికి పరీక్షలు చేయిస్తే ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా కనిపించింది, గుండె ధమనుల్లోకి రంగు మందు పంపి ఎక్స్‌రే తీసే యాంజియోగ్రామ్ చేశారు. కుడి హృదయ ధమనిలో 80 శాతం, ఎడమవైపు ఒక కొమ్మలో 50 శాతం, ముందువైపు ధమనిలో 30 శాతం అడ్డంకి ఉన్నట్టు రిపోర్టు. ఎడమ ప్రధాన ధమని శుభ్రంగా ఉంది. ఎకో స్కాన్‌లో గుండె సంకోచించే శక్తి మామూలుగానే ఉంది. రక్తపోటుకు పన్నెండేళ్ళుగా మందు వాడుతున్నారు, షుగరు లేదు. సిగరెట్టు మానేశానంటారు గానీ, వీధి చివరిదాకా వెళ్ళి వచ్చినప్పుడు వాసన వస్తుందని ఆమె రాశారు.

యాంజియోగ్రామ్ బల్ల మీద తండ్రి ఉండగానే డాక్టరు బయటికి వచ్చి, ఇప్పుడే స్టెంటు (ఇరుకైన ధమనిని విప్పి ఉంచే సన్నని గొట్టం) వేస్తాం, పది నిమిషాల్లో సంతకం చేయండి, వదిలేస్తే ఎప్పుడేమైనా కావచ్చు అన్నారట. ఆమె చేతులు వణికి సంతకం పెట్టలేకపోయారు. మరో డాక్టరు రిపోర్టు చూసి, ముందు మూడు నెలలు మందులు వాడి చూద్దామన్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య, డబ్బు తాను పంపిస్తానన్నా స్టెంటు ఇంకా ఎందుకు వేయించలేదని రోజూ ఫోనులో కోప్పడుతున్నారు. శరీరంలో ఇనుప తీగ పెట్టించడం తల్లికి ఇష్టం లేదు. తండ్రి మాత్రం మెట్లు దిగడం మానేసి, మంచం మీద పడుకొని తన గుండె చప్పుడు తానే వింటున్నారు. ఒక రాత్రి ఆమెను పిలిచి, “గుండె నిండా రక్తమే కదమ్మా, మళ్ళీ గుండెకు రక్తం అందడం లేదంటారేమిటి?” అని అడిగారు. ఆమె దగ్గర జవాబు లేదు. నేను సంతకం పెట్టకపోవడం తప్పా, ఇప్పుడు ఏం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా, మొదట మీ చేతులు వణికిన ఆ పది నిమిషాల సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే ఉత్తరమంతటా ఆ బరువే కనిపిస్తోంది. నేను మీ నాన్నగారిని పరీక్షించలేదు, నా ముందున్నవి మీరు రాసిన వివరాలే. ఆ వివరాల ప్రకారం ఆయనకు ఆ రోజు గుండెపోటు రాలేదు, విశ్రాంతిగా ఉన్నప్పుడు నొప్పి లేదు, గుండె బలం తగ్గలేదు, ఎడమ ప్రధాన ధమనిలో అడ్డంకి లేదు. ఇలాంటి స్థితిలో ఇంటికి వెళ్ళి ఆలోచించుకుంటామనడం రోగి హక్కు మాత్రమే కాదు, వైద్యపరంగా కూడా సమంజసమైన నిర్ణయమే. ఆ డాక్టరు మీద వెంటనే అనుమానం పెంచుకోకండి. యాంజియోగ్రామ్ చేసిన దారిలోనే స్టెంటు కూడా వేస్తే రెండోసారి ధమనిలోకి గొట్టం పంపే పని తప్పుతుంది, చాలాచోట్ల అలాగే చేస్తారు. కానీ ఆ సంభాషణ యాంజియోగ్రామ్‌కు ముందు రోజు కూర్చోబెట్టి చేయవలసినది. బల్ల మీద తండ్రి, చేతిలో కాగితం, గడియారంలో పది నిమిషాలు అన్న పరిస్థితిలో ఏ కూతురూ సరిగా ఆలోచించలేదు. మీరు తప్పు చేయలేదు.

ఇక నాన్నగారి ప్రశ్న. మీ కుటుంబంలో ఇన్ని రోజులుగా జరిగిన మాటలన్నిటిలో అదే అన్నిటికంటే సరైన ప్రశ్న అని నాకు అనిపించింది. దానికి జవాబు తెలిస్తే స్టెంటు ఏం చేస్తుందో, మాత్ర ఏం చేస్తుందో, రెండూ ఏం చేయలేవో మీకే అర్థమవుతుంది. అందుకే అక్కడ కాసేపు ఆగుతాను.

గుండె పిడికిలంత కండరం, బరువు సుమారు 300 గ్రాములు. అందులో నాలుగు గదులున్నాయి. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు. శరీరమంతా తిరిగి ప్రాణవాయువు తగ్గిన రక్తం సిరల ద్వారా కుడి కర్ణికకు చేరి, అక్కడి నుంచి కుడి జఠరికలోకి దిగి, ఊపిరితిత్తులకు వెళ్తుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకొని ఎడమ కర్ణికకు, దాని నుంచి ఎడమ జఠరికకు వస్తుంది. ఎడమ జఠరిక దాన్ని బృహద్ధమనిలోకి నెట్టి ఒళ్ళంతటికీ పంపుతుంది. గదుల మధ్యా, బయటికి వెళ్ళే ద్వారాల దగ్గరా కవాటాలున్నాయి, రక్తం వెనక్కి రాకుండా అవి మూసుకుంటాయి. కవాటమంటే ఏమిటో మీ నాన్నగారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆయన తిప్పిన వాల్వులకు చక్రం ఉండేది, ఇక్కడ పీడనంలోని తేడాయే వాటిని తెరుస్తుంది, మూస్తుంది.

ఒక్కో దెబ్బకు ఎడమ జఠరిక సుమారు 70 మిల్లీలీటర్ల రక్తాన్ని బయటికి పంపుతుంది. నిమిషానికి 70 సార్లు కొట్టుకుంటే అది దాదాపు 5 లీటర్లు. మన ఒంట్లో ఉన్న మొత్తం రక్తం కూడా సుమారు అంతే. అంటే విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా ఒంట్లోని రక్తమంత పరిమాణం నిమిషానికి ఒకసారి గుండె గుండా వెళ్తుంది. రోజుకు లెక్క కడితే 7,200 లీటర్లు. జలమండలి ట్యాంకరు 5,000 లీటర్లది కదా, మీ నాన్నగారి ఛాతీలోని పిడికెడు కండరం రోజూ దాదాపు ఒకటిన్నర ట్యాంకర్ల రక్తాన్ని తోస్తోంది. ఈ నాలుగు నెలల్లోనూ ఆ పని ఆగలేదు, తగ్గలేదు. ఎకో రిపోర్టు చెబుతున్నది అదే. ఈ మాట ఆయనకు తప్పకుండా చెప్పండి, ఎందుకంటే బ్లాకులు అన్న మాట విన్నవాళ్ళు చాలామంది తమ గుండె ఇప్పటికే సగం ఆగిపోయిందని అనుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. పంపుహౌసులో నీళ్ళు నిండుగా ఉన్నంత మాత్రాన మోటారు తిరగదు, దానికి కరెంటు విడిగా రావాలి. గుండె కూడా అంతే. తన గదుల్లో నిండి ఉన్న రక్తంలోంచి అది తనకు కావలసిన ప్రాణవాయువును నేరుగా పీల్చుకోలేదు. ఎడమ జఠరిక గోడ మందం దాదాపు ఒక సెంటీమీటరు. లోపలి రక్తంలోని ప్రాణవాయువు ఆ గోడలో అతి పల్చని పొరను దాటి ముందుకు పోలేదు. కప్ప గుండెలో గోడ స్పాంజిలా ఉంటుంది కనుక గదిలోని రక్తమే దానికి చాలావరకు సరిపోతుంది. అంటే నాన్నగారి ఊహ కప్ప విషయంలో నిజమే, మనిషి గుండెకు మాత్రం ఆ వీలు లేదు. అందుకే బృహద్ధమని గుండె నుంచి బయటికి వచ్చీ రాగానే, కవాటానికి కాస్త పైన, దాని మొట్టమొదటి కొమ్మలుగా రెండు సన్నని ధమనులు చీలి, వెనక్కి తిరిగి గుండె మీదనే పరుచుకుంటాయి. వాటినే హృదయ ధమనులంటారు. గుండె పంపే ప్రతి 5 లీటర్లలో పావు లీటరు దాకా ఈ దారిన దానికే తిరిగి వస్తుంది. మీ నాన్నగారి రిపోర్టులో రాసిన 80, 50, 30 అన్న అంకెలు ఈ ధమనులవే, గుండె గదులవి కావు.

ఈ ధమనులకు ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. గుండె బిగుసుకున్నప్పుడు గోడలో ఉన్న సన్నని రక్తనాళాలు నలిగిపోతాయి. కాబట్టి ముఖ్యంగా ఎడమ జఠరికకు రక్తం అందేది గుండె వదులైనప్పుడు, రెండు దెబ్బల మధ్య విరామంలో. నిమిషానికి 72 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కో చక్రం 0.8 సెకన్లు, అందులో బిగుసుకోవడానికి 0.3, వదులవడానికి 0.5. మెట్లెక్కి వేగం 120కి చేరితే మొత్తం చక్రమే అర సెకను, విరామం దాదాపు సగానికి పడిపోతుంది. అంటే పని పెరిగిన క్షణంలోనే తిండి తినే సమయం తగ్గుతుంది. పైగా మిగిలిన శరీరం సగటున తనకు వచ్చిన ప్రాణవాయువులో నాలుగో వంతు మాత్రమే వాడుకొని మిగతాది వదిలేస్తే, గుండె విశ్రాంతిలోనే దాదాపు మూడు వంతులు వాడేసుకుంటుంది. కాబట్టి ఎక్కువ పని చేయాలంటే దానికి ఎక్కువ రక్తం రావాల్సిందే, మరో దారి లేదు. ఆరోగ్యమైన గుండె అవసరాన్ని బట్టి తన ప్రవాహాన్ని నాలుగైదు రెట్లు పెంచుకోగలదు. దారిలో ఇరుకు ఉన్నప్పుడు కూర్చున్నంతసేపూ సరిపోతుంది, కూరగాయల సంచితో రెండో అంతస్తు ఎక్కేటప్పుడు సరిపోదు. భోజనం తరవాత జీర్ణాశయం కూడా తన వాటా అడుగుతుంది కనుక అప్పటి నడక మరీ కష్టమవుతుంది. ఆ లోటును గుండె చెప్పుకునే తీరే రొమ్ము పట్టేయడం. ఆగగానే తగ్గడం కూడా ఈ లెక్క ప్రకారమే జరుగుతోంది. దీన్నే వైద్యులు స్థిరమైన ఆంజైనా అంటారు.

80 శాతం అన్న అంకె గురించి ఒక మాట. అది ధమని వ్యాసంలో తగ్గినది. వ్యాసం సగమైతే వైశాల్యం నాలుగో వంతవుతుందని మీ నాన్నగారికి పైపుల అనుభవం వల్ల తెలుసు. ఆ లెక్కన 80 శాతం ఇరుకులో మిగిలేది 4 శాతం దారి మాత్రమే, వినడానికి భయంగానే ఉంటుంది. అయినా విశ్రాంతిలో రక్తం సరిపోతోందంటే, కింద ఉన్న చిన్న నాళాలు పూర్తిగా తెరుచుకొని లోటు భర్తీ చేస్తున్నాయన్న మాట. ఇనుప పైపు అలా చేయలేదు. ఇంకొకటి, యాంజియోగ్రామ్‌లోని శాతాలు చాలావరకు కంటితో వేసిన అంచనాలే. 50 శాతం దగ్గర ఇద్దరు డాక్టర్లు రెండు అంకెలు చెప్పవచ్చు.

ఇక్కడే పైపు పోలికను వదిలిపెట్టాలి. మీ అన్నయ్య కోపం, డాక్టరు తొందర, నాన్నగారి భయం, మూడూ పైపు పోలిక మీదే నిలబడి ఉన్నాయి. పైపులో పూడిక పేరుకుంది, రేపో మాపో పూర్తిగా మూసుకుంటుంది, తీసేస్తే సరిపోతుంది అన్నది ఆ ఊహ. నిజానికి ధమనిలోని పూడిక గోడ లోపలి అంచున పేరుకునే బురద కాదు. అది గోడ పొరల మధ్యనే, కొవ్వు, వాపు కలిసి ఏళ్ళ తరబడి పెరిగే గడ్డ. గుండెపోటు ఎక్కువగా వచ్చేది ఆ గడ్డ నెమ్మదిగా పెరిగి దారి మూసేయడం వల్ల కాదు. దాని పైపొర హఠాత్తుగా చిట్లి, ఆ పుండు మీద రక్తం గడ్డకట్టి, నిమిషాల్లో దారి మూసుకోవడం వల్ల. చిట్లేది 80 శాతం గడ్డే కానక్కరలేదు, 30 శాతం గడ్డ కూడా చిట్లవచ్చు. స్టెంటు ఒక చోట ఇరుకును విప్పుతుంది. మిగతా ధమనుల గోడల్లో ఉన్నవాటిని అది తాకదు. కొవ్వును తగ్గించే స్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఆస్పిరిన్, రక్తపోటు అదుపు, సిగరెట్టు మానడం మాత్రం ప్రతి ధమనిలోని ప్రతి గడ్డ మీదా పనిచేస్తాయి.

ఇది నా అభిప్రాయం మాత్రమే కాదు. స్థిరమైన ఆంజైనా ఉన్న 2,287 మందిని తీసుకొని 2007లో ప్రచురించిన కరేజ్ అధ్యయనంలో, మంచి మందులతో పాటు స్టెంటు వేసినవారికీ, మందులే వాడినవారికీ మధ్య మరణాల్లో గానీ గుండెపోట్లలో గానీ తేడా తేలలేదు. 2020లో వచ్చిన ఇస్కీమియా అధ్యయనం ఇంకా పెద్దది, 5,179 మంది, 37 దేశాలు. పరీక్షల్లో ఓ మోస్తరు నుంచి తీవ్రమైన రక్తలోటు కనిపించినవారిని అందులో చేర్చుకున్నారు. సగటున మూడేళ్ళకు పైగా గమనించాక అక్కడా ప్రాణాల విషయంలో రెండు దారులూ సమానంగానే తేలాయి. అయితే రోజూ నొప్పితో బాధపడేవారికి స్టెంటో బైపాసో చేయించుకున్నాక ఉపశమనం బాగా కనిపించింది. మందులతో మొదలుపెట్టినవారిలో దాదాపు ఐదుగురిలో ఒకరికి నాలుగేళ్ళలోపు ఆ చికిత్స అవసరమైంది. ఎడమ ప్రధాన ధమనిలో అడ్డంకి ఉన్నవారినీ, గుండె బలం బాగా తగ్గినవారినీ, అప్పుడే గుండెపోటు వచ్చినవారినీ ఈ అధ్యయనంలో చేర్చలేదు. వారికి ఈ మాటలు వర్తించవు. గుండెపోటు వస్తున్న మనిషికి ఆ గంటలో వేసే స్టెంటు ప్రాణం నిలుపుతుంది. అదే వస్తువు, రెండు వేర్వేరు సందర్భాలు. మీ అన్నయ్యకు తెలిసిన కథలన్నీ బహుశా మొదటి సందర్భానివి, మీ నాన్నగారిది రెండోది.

కాబట్టి మీ ముందున్నది ప్రాణమా, మరణమా అన్న ప్రశ్న కాదు. ఈ నొప్పిని ఏ దారిలో తగ్గించుకోవాలి, దానికి ఏ మూల్యం చెల్లించాలి అన్నది.

రెండో డాక్టరు చెప్పిన దారి పడితే, స్టాటిన్, ఆస్పిరిన్‌లతో పాటు బహుశా గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ ఇస్తారు. అది ఎందుకో ఇప్పుడు మీకు అర్థమవుతుంది, వేగం తగ్గితే రెండు దెబ్బల మధ్య విరామం పెరుగుతుంది, గుండెకు తన రక్తం అందే సమయం పెరుగుతుంది. మొదట్లో కొంత నీరసం, కాళ్ళూ చేతులూ చల్లబడటం ఉండవచ్చు. మూడు నెలల్లో రెండో అంతస్తు మామూలుగా ఎక్కగలిగితే ఆ దారిలోనే కొనసాగవచ్చు. నొప్పి తగ్గకపోతే, లేదా మందులు ఆయన ఒంటికి పడకపోతే, అప్పుడు స్టెంటు వేయించుకోవడానికి అడ్డేమీ లేదు. ఈ దారిలోని అసలు ప్రమాదం మందులు మధ్యలో మానేయడం. రెండు వారాలు బాగుంటే మాత్రలెందుకు అనే మనస్తత్వం మన ఇళ్ళలో బాగా ఉంది. కాలేయం పాడవుతుందని పక్కింటివారు చెప్పారని స్టాటిన్ ఆపేసినవాళ్ళను నేను చాలామందిని చూశాను. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించి డాక్టరును అడగండి, మీ అంతట మీరు ఆపకండి. చెడు కొలెస్టరాల్ 70 కంటే కిందికి రావాలన్నది సాధారణంగా పెట్టుకునే లక్ష్యం, కొందరు 55 అంటారు. మీరు పంపిన కాగితాల్లో ఆ అంకె లేదు, మొదట అది చేయించండి.

స్టెంటు ఇప్పుడే వేయించుకుంటే నొప్పి త్వరగా, చాలాసార్లు పూర్తిగా తగ్గుతుంది. మాత్రల సంఖ్య కొంత తగ్గవచ్చు గానీ స్టాటిన్, ఆస్పిరిన్ తప్పవు. పైగా రక్తం గడ్డకట్టకుండా ఇంకొక మందును మామూలుగా ఆరు నెలలు ఒక్క రోజు కూడా తప్పకుండా వేసుకోవాలి. మానేస్తే స్టెంటులోనే గడ్డ ఏర్పడే ప్రమాదం ఉంది. ఆ ఆరు నెలల్లో పన్ను పీకించుకోవాలన్నా, ఇంకే ఆపరేషన్ చేయించుకోవాలన్నా గుండె డాక్టరును అడగాలి. నాన్నగారికి కడుపులో పుండు గానీ, రక్తస్రావం గానీ ఇంతకు ముందు ఉంటే ఆ విషయం ముందే చెప్పండి. స్టెంటు వేసే సమయంలో ప్రమాదం తక్కువే, అసలు లేదని మాత్రం ఎవరూ చెప్పలేరు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్ల ధరకు గరిష్ఠ పరిమితి పెట్టింది కనుక స్టెంటు ధర ఇప్పుడు అంత పెద్ద విషయం కాదు, కానీ ఆసుపత్రి మొత్తం బిల్లు వేరు. రాతపూర్వకంగా అంచనా అడగండి. అమ్మగారి భయం గురించి కూడా చెప్పాలి. స్టెంటు ఇనుప తీగ ముక్క కాదు, సన్నని లోహపు వల గొట్టం. కొన్ని నెలల్లో ధమని లోపలి పొర దాని మీద పెరిగి కప్పేస్తుంది. 1990లలో హైదరాబాదులోనే అబ్దుల్ కలాం, గుండె వైద్యుడు డాక్టర్ సోమరాజు కలిసి తక్కువ ధరకు ఒక స్టెంటు తయారు చేశారని అమ్మగారికి చెప్పండి, పేరు తెలిసిన మనుషుల చేతి పని అంటే భయం కొంత తగ్గవచ్చు.

ఈ రెంటి మధ్య ఇంకొక మెట్టు ఉంది. ఇరుకుకు ఇవతలా అవతలా పీడనం కొలిచే సన్నని తీగ పరీక్ష ఒకటి ఉంది. లైన్‌మన్ పైపుకు రెండు చోట్ల గేజి పెట్టి చూసినట్టే అది. అవతలి పీడనం ఇవతలి దానిలో 0.80 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆ ఇరుకు నిజంగానే ప్రవాహాన్ని అడ్డుకుంటోందని అర్థం. స్టెంటు వైపే మొగ్గితే, ముఖ్యంగా ఆ 50 శాతం కొమ్మకు కూడా వేద్దామంటే, ఈ పరీక్ష చేస్తారా అని తప్పకుండా అడగండి. బైపాసు గురించి మీ బంధువొకరు అన్నారని రాశారు. షుగరు లేని, ఎడమ ప్రధాన ధమని బాగున్న, గుండె బలం తగ్గని మీ నాన్నగారి విషయంలో ఆ చర్చ ఇప్పుడు అవసరం లేదనిపిస్తోంది.

నన్ను నేరుగా అడిగితే, నొప్పి ఇప్పుడున్న తీరులోనే ఉన్నంతవరకు నేను మందులతో మొదలుపెట్టే దారి వైపు మొగ్గుతాను. కానీ మీ నాలుగు పేజీల్లో ఒక మనిషి అభిప్రాయం లేదు. డాక్టర్లది ఉంది, అన్నయ్యది ఉంది, అమ్మది ఉంది, బంధువులది కూడా ఉంది. నాన్నగారికి ఏం కావాలో ఎవరూ అడిగినట్టు లేదు. రోజూ రెండో అంతస్తు ఎక్కడం, సాయంత్రం స్నేహితులతో నడక ఆయనకు ప్రాణమైతే, మూడు నెలలు ఆగడం ఇష్టం లేదంటే, స్టెంటు ఆయనకు సరైన నిర్ణయమే కావచ్చు. మాత్రలు వేసుకుంటూ నిదానంగా చూద్దామంటే అదీ సరైనదే. ఆ ఎంపిక ఆయనది.

అన్నయ్య కోపం వెనక ఉన్నది దూరం. రాత్రి ఫోను మోగితే గుండె ఝల్లుమనే వాళ్ళలో ఆయన కూడా ఒకరు. డబ్బు పంపిస్తాననడం ఆయన చేయగలిగిన ఒకే పని. ఆయనతో మీరు వాదించి గెలవాల్సిన అవసరం లేదు. వచ్చేసారి డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ముందే అనుమతి అడిగి వీడియో కాల్‌లో ఆయనను కూర్చోబెట్టండి. మందులతో మూడు నెలల్లో మెరుగు లేదని ఏ గుర్తులను బట్టి నిర్ణయిస్తారు, నాన్నగారి ధమనుల్లో స్టెంటు ఆయుష్షు పెంచే రకం అడ్డంకి ఏదైనా ఉందా, ఈ రెండు ప్రశ్నలనూ ఆయన చేతే అడిగించండి. యాంజియోగ్రామ్ సీడీ మీ దగ్గర ఉంచుకోండి, అది మీదే.

ఏ దారిలో ఉన్నా ఇంట్లో అందరికీ తెలియవలసిన విషయం ఒకటి. నొప్పి విశ్రాంతిలో వచ్చినా, రోజురోజుకీ తక్కువ శ్రమకే వస్తున్నా, చెమటలు, ఆయాసం, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి తోడైనా అది స్థిరమైన ఆంజైనాయే అని ఊరుకోకూడదు. డాక్టరు ఇచ్చిన నాలుక కింది మాత్ర ఒకటి కూర్చొని పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను చేయండి. ఆయన్ను స్కూటరు మీద కూర్చోబెట్టుకొని మీరు బయలుదేరవద్దు. అలాంటప్పుడు ఎంత ఆస్పిరిన్ నమలాలో డాక్టరును ఈ వారమే అడిగి, కాగితం మీద రాసి ఫ్రిజ్ మీద అంటించండి. ఆ రోజు వస్తే పది నిమిషాల్లో సంతకం అడిగినా వెంటనే పెట్టేయండి. అప్పుడు నిమిషాలకు విలువ ఉంటుంది. సిగరెట్టు గురించి దెబ్బలాడకుండా, ఒక్కసారి కూర్చొని నిజం అడగండి. ఆయన ధమనులకు చేయగలిగిన వాటిలో అది మానడం కంటే పెద్ద మేలు ఏ డాక్టరు చేతిలోనూ లేదు.

చివరిగా, మంచం మీద పడుకొని గుండె చప్పుడు వింటున్న మనిషి గురించి. పూర్తి విశ్రాంతి ఆయనకు మేలు చేయదు. డాక్టరు అనుమతితో, నొప్పి మొదలయ్యే వేగానికి కాస్త తక్కువ వేగంతో, పరగడుపున లేదా భోజనమయ్యాక రెండు గంటలకు, బల్లపరుపు నేల మీద రోజూ నడిస్తే, కొన్ని వారాల్లో అదే పనికి గుండె తక్కువ సార్లు కొట్టుకుంటుంది. మొదటి వారం మీరు పక్కన నడవండి. ఆయన భయపడుతున్నది నొప్పికి కంటే ఎక్కువగా, ముప్ఫై ఏళ్ళు పైపులు చూసిన తనకు తన ఒంట్లోని లైను ఎలా నడుస్తోందో తెలియకపోవడానికే అని నాకు అనిపించింది.

1628లో విలియం హార్వే అనే ఇంగ్లండు వైద్యుడు రక్తం ఒంట్లో ఒకే దిశగా చుట్టూ తిరుగుతోందని లెక్కలతో, ప్రయోగాలతో రుజువు చేశాడు. గుండె ఒక్కో దెబ్బకు పంపే రక్తాన్ని దెబ్బల సంఖ్యతో హెచ్చవేస్తే అరగంటలోనే ఒంట్లో ఉన్నదానికంటే ఎక్కువ తేలింది, కాబట్టి అదే రక్తం మళ్ళీ మళ్ళీ వస్తూ ఉండాలని ఆయన వాదించాడు. ఆయన చేసిన ఒక ప్రయోగాన్ని ఈ ఆదివారం మీ ఇంట్లో చేయవచ్చు. ఏ దారిలోనైనా నాన్నగారికి ఆస్పిరిన్ తప్పదు గనుక ఆయన చేతికి వద్దు, మీ చేతికే చేయండి. మోచేతికి పైన ఒక గుడ్డ కట్టండి, మణికట్టు దగ్గర నాడి ఆగిపోయేంత బిగుతుగా కాదు. ముంజేతి మీద సిరలు ఉబ్బుతాయి, వాటి మీద అక్కడక్కడా చిన్న ముడుల్లాంటివి కనిపిస్తాయి. ఒక సిర మీద అరచేతి వైపు నాన్నగారిని వేలితో నొక్కి ఉంచమనండి. ఇంకో వేలితో అక్కడి నుంచి మోచేతి వైపు, ఒక ముడి దాటేదాకా రక్తాన్ని తోసి, ఆ రెండో వేలు ఎత్తేయమనండి. మధ్యలోని సిర ఖాళీగానే ఉండిపోతుంది, పైనున్న రక్తం ముడి దాటి కిందికి రాదు. మొదటి వేలు కూడా ఎత్తగానే కింది నుంచి అది చటుక్కున నిండుతుంది. ఆ ముడి ఏమిటని ఆయన్నే అడగండి. అది వాల్వు అని మీ కంటే ముందు ఆయనే చెబుతారు.